ఆకాశం తెలిస్తేనే ఆకాశం కనబడుతుంది

1955లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక జాబితాను ప్రకటించారు. ఆకాశంలో ఏయే తావుల నుంచి రేడియో తరంగాలు వెలువడుతున్నవో తెలిపే జాబితా అది. ఇటువంటి తావులను రేడియో జనకాలంటారు. అంతకు అయిదేళ్ళ క్రితం అదే బృందం ఇచ్చిన మొదటి జాబితాలో ఉన్నవి 50 మాత్రమే. ఈ రెండవదానిలో 1936 ఉన్నాయి. బృంద నాయకుడైన మార్టిన్ రైల్ ఆ సంఖ్యల బలం మీద విశ్వం గురించే ఒక పెద్ద మాట అన్నారు. ప్రకాశం తక్కువైన జనకాలు ఉండవలసినదానికంటె మరీ హెచ్చుగా ఉన్నవి, కనుక విశ్వం ఎల్లకాలమూ ఒకే తీరున ఉంటుందనే సిద్ధాంతం నిలవదని ఆయన వాదం. ఆ సిద్ధాంతకర్తలలో ఒకరైన ఫ్రెడ్ హాయిల్ ఉన్నదీ కేంబ్రిడ్జిలోనే. వాగ్వాదం ఎంత వేడిగా సాగి ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇంతలో ఆస్ట్రేలియాలో సిడ్నీ సమీపాన బెర్నార్డ్ మిల్స్, ఆయన సహచరులు వేరొక విధమైన యాంటెన్నాతో ఆకాశాన్ని పరిశీలించారు. రెండు యంత్రాలకూ కనబడే ఆకాశభాగాన్ని తీసుకొని జాబితాలను పక్కపక్కన పెడితే వాటికి పొంతన కుదరలేదు. లోపం కేంబ్రిడ్జి వైపు ఉన్నదని క్రమంగా తేలింది. అక్కడి యంత్రపు చూపు మొద్దు. తిరునాళ్ళలో దూరాన వెలిగే నాలుగు దీపాలు కలిసి ఒకే పెద్ద దీపంలా కనబడినట్లు, చిన్న చిన్న జనకాలు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, లేనిచోట ఒక పెద్ద జనకంగా లెక్కకెక్కాయి. 1959లో మరింత తక్కువ తరంగదైర్ఘ్యంతో మళ్ళీ చూసి వెలువరించిన మూడవ జాబితాలో 471 జనకాలే ఉన్నాయి. చిత్రమేమంటే, విశ్వం కాలంతోపాటు మారుతూ వచ్చిందన్న రైల్ నిర్ణయం తరువాతి కొలతలకు నిలిచింది. నిర్ణయం సరియైనదే, దానికి సాక్ష్యంగా చూపిన పుస్తకంలో మాత్రం పెక్కు దొంగ పద్దులు!

ఏడు దశాబ్దాలనాటి ఈ వివాదాన్ని ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణముంది. ఆనాడు జాబితా అనేది పరిశోధన చివర చేతికి వచ్చే ఫలం. నేడు అది పరిశోధన మొదట కావలసిన పనిముట్టు కూడా. ఒక్కొక్క జనకం ఎక్కడ ఉన్నది, ఎంత ప్రకాశంతో ఉన్నది, పౌనఃపున్యం మారితే ఆ ప్రకాశం ఏ తీరున మారుతుంది, అది చుక్కగా ఉన్నదా, సాగి ఉన్నదా అన్న వివరాలన్నీ గల పట్టికను ఆకాశ నమూనా అంటున్నారు. నేటి రేడియో దూరదర్శిని ఆకాశాన్ని చూడాలంటే ఆకాశం ఎలా ఉంటుందో దానికి ముందే కొంత చెప్పి ఉంచాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెతలా ఉన్నది కదా! అయినా అది నిజం.

మహారాష్ట్రలో పుణెకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణగావ్ దగ్గరి ఖోడద్ గ్రామ పరిసరాలలో జి.ఎం.ఆర్.టి. అనే మహా రేడియో దూరదర్శిని ఉన్నది. 2020లో కన్నుమూసిన గోవింద్ స్వరూప్ సంకల్పానికి రూపం అది. 45 మీటర్ల వ్యాసం గల డిష్ యాంటెన్నాలు 30. వాటిలో 14 నడుమ గుంపుగా, తక్కిన 16 మూడు బాహువులుగా 25 కిలోమీటర్ల మేర వ్యాపించి ఉన్నాయి. ఇవన్నీ కలిసి 25 కిలోమీటర్ల వ్యాసం గల ఒకే యంత్రంగా పనిచేస్తాయని పత్రికలు రాస్తుంటాయి. అది సగం నిజం. అంత పెద్ద పళ్ళెం నిజంగా ఉంటే అది అంతటా పరచుకొని ఉండేది. ఇక్కడ ఉన్నవి ముప్ఫై ముక్కలు మాత్రమే. ప్రతి రెండు యాంటెన్నాలూ జంటగా చేరి ఆకాశం గురించి ఒక్కొక్క సంఖ్యను ఇస్తాయి. 30 యాంటెన్నాలకు 435 జంటలు. భూమి తిరిగేకొద్దీ ఆకాశం వైపు నుంచి చూస్తే ఆ జంటల దిక్కు మారుతుంది గనుక, గంటల తరబడి చూస్తే ఇంకా ఎన్నో సంఖ్యలు దొరుకుతాయి. అయినా ఖాళీలు మిగులుతాయి.

ముంగిట్లో ముగ్గు వేసి, చుక్కలు మాత్రం ఉంచి గీతలన్నీ చెరిపివేశారనుకుందాం. ఆ చుక్కల మీదుగా ఎన్ని ముగ్గులైనా వేయవచ్చు. వాటిలో ఇంటి ఇల్లాలు వేసినది ఏది? మన చేతిలో ఉన్న కొలతలు ఆ చుక్కలు. మనకు కావలసిన ఆకాశం ఆ ముగ్గు.

ఈ చిక్కుకు 1974లో యాన్ హేగ్‌బొమ్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం ప్రకటించారు. రైల్‌కు నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరమూ అదే. ఉపాయం చూడడానికి అతి సామాన్యమైనది. తొలి చిత్రంలో అన్నిటికన్న వెలుగైన చోటును పట్టుకోవాలి. అక్కడొక చుక్క ఉన్నదని పద్దు రాసుకోవాలి. అటువంటి చుక్క ఉంటే ఈ యంత్రం చిత్రమంతటా ఏ మరకలు పడవేస్తుందో లెక్కగట్టి, అందులో కొద్దిభాగం తీసివేయాలి. మిగిలినదానిలో మళ్ళీ వెలుగైన చోటు వెదకాలి. ఇలా వందల సార్లు, వేల సార్లు, ఇక రొద తప్ప ఏమీ మిగలదనిపించేదాకా చేయాలి. చివరకు చేతిలో ఉండే పద్దే ఆకాశ నమూనా. ఓపిక తప్ప వేరే తెలివి అక్కరలేని పని గనుక కంప్యూటర్‌కు సరిగ్గా తగినది.

తరువాతి మెట్టు ఇంకా సాహసమైనది. భూమిపైన ఐనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొర ఉన్నది. తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు దానిలో దారి తప్పుతాయి. నక్షత్రం మిణుకుమన్నట్లే రేడియో జనకమూ నిలకడ లేకుండా కదలాడుతుంది. పైగా ప్రతి యాంటెన్నాకూ తనదైన వంకర ఒకటి ఉంటుంది. వీటిని సరిదిద్దడానికి మొదట నమూనా నిజమేనని ఒప్పుకుంటారు. దాని ప్రకారం 435 జంటలూ ఏమి చెప్పవలసి ఉన్నదో లెక్కగడతారు. అవి వాస్తవంగా చెప్పినదానితో పోల్చి 30 యాంటెన్నాల తప్పులు రాబడతారు. తెలియని అంశాలు 30, సాక్షులు 435. అందుచేత లెక్క తెగుతుంది. ఆ తప్పులు దిద్ది చిత్రం మళ్ళీ గీస్తే నమూనా మెరుగవుతుంది. మెరుగైన నమూనాతో తప్పులను మళ్ళీ వెదకుతారు. 1980 ప్రాంతాల్లో స్థిరపడిన ఈ పద్ధతి లేకపోతే నేటి రేడియో చిత్రాలలో చాలాభాగం లేవు.

మన పంచాంగకర్తలు వింటే ఇందులో ఏదో పరిచయమైన వాసన పట్టగలరు. సిద్ధాంత గ్రంథం చెప్పే గ్రహస్థితికీ, ఆకాశంలో కనబడే గ్రహస్థితికీ తేడా వచ్చినప్పుడు బీజ సంస్కారం చేసి గణితాన్ని దృక్సిద్ధం చేసుకోవడం ఈ దేశంలో శతాబ్దాలుగా ఉన్నదే. భేదం ఒక్కటి. వారు కన్నును నమ్మి గణితాన్ని దిద్దుకున్నారు. వీరు గణితాన్ని నమ్మి కన్నునే దిద్దుతున్నారు.

అపాయమంతా ఆ నమ్మకంలో ఉన్నది. ఆకాశంలో నిజంగా ఉన్న జనకం ఒకటి నమూనాలోకి ఎక్కలేదనుకోండి. లెక్క దాన్ని చూసి ఇది ఆకాశం కాదు, యాంటెన్నా తప్పే అయి ఉంటుందని, కొంత మేరకు దిద్దివేస్తుంది. ఉన్నది మసకబారుతుంది. అంతటితో ఆగదు, ఆ దిద్దుబాటు ఇతర చోట్ల లేని చుక్కలను పుట్టిస్తుంది. నెదర్లండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ దూరదర్శిని చిత్రాలలో ఒకే వరుసలో బారులు తీరిన ఇటువంటి దయ్యపు చుక్కలు కనబడేవి. అవి నమూనాలో చేరని జనకాల వల్ల పుట్టినవని 2014లో ట్రియెంకో గ్రోబ్లర్, ఆయన సహచరులు గణితపూర్వకంగా నిరూపించారు. 1955లో జనకాలు కలిసిపోయి దొంగ పద్దులు వచ్చాయి. ఇక్కడ వదిలిపోయిన పద్దులే దొంగలను కన్నాయి.

ఇది చక్కని చిత్రాలు గీయడంలోని చిన్న చిక్కే అయితే ఇంత చెప్పనవసరం లేదు. విశ్వంలో మొట్టమొదటి నక్షత్రాలు వెలిగిన నాటి హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల తరంగంతో తన జాడ తెలుపుతుంది. విశ్వ వ్యాకోచం వల్ల ఆ తరంగం సాగి సాగి నేడు మీటర్ల పొడవుతో మనలను చేరాలి. కాని దానికి ముందు అడ్డంగా మన పాలపుంత, ఇతర గెలాక్సీలు వేల రెట్లు హెచ్చు ప్రకాశంతో నిలిచి ఉన్నాయి. వాటిని లెక్కగట్టి తీసివేస్తేగాని ఆ సన్నని గొంతు వినబడదు. తీసివేతలో ఒక్క వీసం ఎక్కువైతే అడ్డుతోపాటు గొంతూ పోతుంది.

అలాగే జరిగింది కూడా. జి.ఎం.ఆర్.టి. కొలతలతో పనిచేసిన ఒక అంతర్జాతీయ బృందం 2011లో ఒక హద్దును ప్రకటించింది. ఆదిమ హైడ్రోజన్ సంకేతం దొరకలేదు గాని, ఉంటే 70 మిల్లీకెల్విన్లకు మించి ఉండదని దాని సారాంశం. మిల్లీకెల్విన్ అంటే ఒక డిగ్రీలో వెయ్యవ వంతు. తరువాత ఆ బృందమే ఒక పరీక్ష చేసింది. తాము కల్పించిన కృత్రిమ సంకేతాన్ని అసలు కొలతలలో కలిపి, తమ పద్ధతి గుండా నడిపించి, చివరకు ఎంత మిగిలిందో చూసింది. తీసివేత అసలు సంకేతాన్ని కూడా కొంత మింగుతున్నదని తేలింది. 2013లో ప్రకటించిన సవరించిన హద్దు 248 మిల్లీకెల్విన్లు. తమ ఫలితం మూడు రెట్లకు మించి సడలిపోతుందని తెలిసీ ఆ పరీక్ష చేసి ప్రకటించినవారిని గౌరవించాలని నా అభిప్రాయం. ప్రథమ ప్రకటనకు దొరికిన పతాక శీర్షిక సవరణకు దొరకదు మరి.

ఇటువంటి వాదులాటలోనే తెలుగునేలకు కూడా కొంత పాత్ర ఉన్నది. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థవారు ఈ ఆదిమ సంకేతం కోసం సరస్ అనే యంత్రాన్ని నిర్మించారు. దాని రెండవ రూపాన్ని అప్పటి అనంతపురం జిల్లాలో చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ ఆవరణలో నిలిపి కొలతలు తీసుకున్నారు. నగరాల రేడియో గోల అక్కడ తక్కువ. 2018లో ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోని ఎడ్జెస్ అనే యంత్రం 78 మెగాహెర్ట్జ్ వద్ద ఆ సంకేతం కనబడిందని, అది సిద్ధాంతాలు ఊహించినదానికి రెట్టింపుకు పైగా ఉన్నదని ప్రకటించింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. బెంగుళూరువారు 2020లో తమ మూడవ యంత్రాన్ని కర్ణాటకలోని దండిగానహళ్ళి చెరువులోను, శరావతి నదికి కట్టిన ఆనకట్ట వెనుక జలాలలోను తెప్పలా తేల్చారు. యాంటెన్నా కింది నేల పొరలుపొరలుగా ఉంటుంది, దాని ప్రభావాన్ని లెక్కగట్టడం కష్టం. నీరైతే అంతటా ఒకే తీరు. సరస్సు మీద తేలిన సరస్ 2022లో చెప్పిన తీర్పు ఏమిటంటే, ఎడ్జెస్ చూపిన ఆకృతి గల సంకేతం తమ కొలతలలో లేదు. 95.3 శాతం నిశ్చయంతో దాన్ని తోసిపుచ్చవచ్చు.

ఈ కథలన్నిటిలోనూ ఉక్కు యంత్రంతో సమానంగా లెక్కకూ పాత్ర ఉన్నది. ఆ లెక్క ఇప్పుడు కాగితం మీద లేదు. లక్షల పంక్తుల ప్రోగ్రాములలో ఉన్నది. అచ్చయిన వ్యాసం చదివి ఫలితాన్ని పరీక్షించగల రోజులు పోయాయి. ఎవరి ప్రోగ్రాం వారి బల్ల సొరుగులోనే ఉంటే సిడ్నీవారు కేంబ్రిడ్జివారిని ప్రశ్నించేది ఎలా?

అమెరికా జాతీయ రేడియో వేధశాల 1978లో ఐప్స్ అనే ప్రోగ్రాముల సంపుటికి శ్రీకారం చుట్టి, దాన్ని లోకమంతటికీ పంచింది. 1990ల ఆరంభంలో దానికి వారసునిగా ఐప్స్ ప్లస్ ప్లస్‌ను రాయడానికి అనేక దేశాల సంస్థలు చేతులు కలిపాయి. వాటిలో పుణెలోని మన జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం ఒకటి. పదిమంది వండిన వంటలా ఆ పని అనుకున్న రుచికి రాలేదు. కాలక్రమాన కాసా అనే వేరొక రూపు తీసుకుంది. దాన్ని వైఫల్యమని తేల్చేవారున్నారు. నేను ఒప్పుకోను. దాని పునాదిలో ఉండిన భాగం కాసాకోర్ అనే పేరుతో బతికి, ఈనాటికీ అనేక దేశాల దూరదర్శినుల ప్రోగ్రాములను మోస్తున్నది. ఇల్లు కూలినా పునాది మిగిలితే అది కూలడం కాదు.

నలుగురు కలిసి రాసేటప్పుడు మొదట వచ్చే తగవులు మరీ చిన్నవి. ఒక జంటలో దూరాన్ని మొదటి యాంటెన్నా నుంచి రెండవదానికి కొలవాలా, రెండవదాని నుంచి మొదటిదానికా? ఏదైనా ఒకటే, అందరూ ఒకటే పాటిస్తే. ఒకరు ఇటు, ఒకరు అటు కొలిచి కొలతలు మార్చుకుంటే ఆకాశం తలకిందులై కూర్చుంటుంది. జనకాల స్థానాలకు కూడా ఇదే గతి. అయన చలనం మన పంచాంగ పాఠకులకు చెప్పనక్కరలేదు. 1950 నాటి నిర్దేశంలో రాసిన పట్టికను 2000 నాటి నిర్దేశమనుకొని వాడితే జనకం 0.7 డిగ్రీ దాకా పక్కకు జరుగుతుంది. అది పూర్ణచంద్రబింబపు వెడల్పు కన్న ఎక్కువ. దక్షిణాఫ్రికాలోని హెరా వంటి యంత్రాలపై పనిచేసేవారు కలిసి రాసిన పైయూవీడేటా అనే ప్రోగ్రాంలో పెద్ద భాగం ఇటువంటి సంప్రదాయ భేదాలను సరిపుచ్చే పనే. పైరేడియోస్కై అనే దాని తోబుట్టువు ఆకాశ నమూనాల పట్టికలకు అదే సేవ చేస్తున్నది.

కొలతల మర్యాద ముందే కుదరకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ హైదరాబాదులోనే ఉన్నది. 1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలు తీయాలని తీర్మానించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ పంచారు. నిజామియా వేధశాలకు వచ్చిన వాటిలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీ ఒకటి. దశాబ్దాల తరబడి ఫలకాల మీద నక్షత్రాలను ఒక్కొక్కటిగా కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. కాని ఏ వేధశాల పద్ధతి దానిది. అన్నిటినీ కలిపి ఒకటిగా వాడుకోవడం గగనమైంది. 1990లలో అమెరికా నౌకాదళ వేధశాలవారు ఆ కొలతలన్నిటినీ మళ్ళీ గణించి ఒక త్రాటిమీదికి తెచ్చారు. 2000లో వెలువడిన టైకో-2 జాబితా 25 లక్షల నక్షత్రాల చలనాన్ని నిర్ణయించడంలో ఆ పాత కొలతలే ఆధారం. బేగంపేటలో భూతద్దం కింద కళ్ళు కాయలు కాయించుకున్నవారి శ్రమ ఇన్నేళ్ళకు లెక్కకు వచ్చింది.

నేటి ప్రోగ్రాముల పద్ధతి వేరు. రాసినది అందరికీ కనబడుతుంది. ఎవరైనా ఒక మార్పు ప్రతిపాదిస్తే వేరొకరు పంక్తి పంక్తీ చదివి ప్రశ్నలు వేస్తారు. కల్పిత ఆకాశం ఒకదాన్ని ఇచ్చి, అది చెక్కుచెదరకుండా తిరిగి వస్తున్నదో లేదో మార్పు చేసిన ప్రతిసారీ యంత్రమే పరీక్షిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెరగని చిట్టా ఉంటుంది. ఇంత శ్రమ చేసేవారికి విశ్వవిద్యాలయాలలో దక్కే గుర్తింపు మాత్రం తక్కువ. వ్యాసం రాసినవాడు ఆచార్యుడవుతాడు. వ్యాసాన్ని సాధ్యం చేసిన ప్రోగ్రాం రాసినవాడు కృతజ్ఞతల పేరాలో ఉండిపోతాడు. ఈ అన్యాయం ఇంకా తీరలేదు.

ఇలా తెరిచి ఉంచడం వల్ల లాభమేమిటో ఒక్క ఉదంతం చాలు. 2010, 2012 సంవత్సరాల మధ్య జి.ఎం.ఆర్.టి. 150 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తనకు కనబడే ఆకాశమంతటినీ చూసింది. ఆ ముడి కొలతలు భాండారంలో భద్రంగా ఉన్నాయి. హైబ్ ఇంటెమా, ఆయన సహచరులు వాటిని తీసుకొని, ఐనోస్ఫియర్ వంకరలను దిద్దే తమ ప్రోగ్రాం గుండా నడిపి, 2017లో మొత్తం ఆకాశంలో 90 శాతానికి చిత్రాలు ప్రకటించారు. చిత్రాలలో జనకాలను గుర్తించి పద్దు రాసినది నిరుజ్ మోహన్, డేవిడ్ రాఫర్టీల ప్రోగ్రాం. అది మొదట యూరప్‌లోని లోఫార్ కోసం రాసినది. పద్దులో తేలిన జనకాలు 6 లక్షల 20 వేలు. అదే సంవత్సరం ఆస్ట్రేలియా నుంచి నటాషా హర్లీ-వాకర్ తమ జాబితాతో దీన్ని పోల్చి, ఆకాశంలో కొన్ని భాగాలలో ప్రకాశపు కొలబద్ద జరిగి ఉన్నదని చూపి, సవరించిన పట్టికను అందరి ముందు పెట్టారు. కేంబ్రిడ్జి, సిడ్నీల నడుమ ఏళ్ళ తరబడి సాగినది ఈసారి నెలలలో ముగిసింది. ఎవరూ ఎవరినీ వేదికల మీద నిలదీయనూ లేదు.

రాబోయేది ఇంకా పెద్ద పద్దు. ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికాలోను స్క్వేర్ కిలోమీటర్ ఎరే అనే జంట దూరదర్శిని నిర్మాణంలో ఉన్నది. దానిలో మన దేశపు వాటాకు కేంద్ర ప్రభుత్వం 1250 కోట్ల రూపాయలు ఆమోదించింది. మన బాధ్యతలలో ముఖ్యమైనది ఆ యంత్రాన్ని నడిపించే నియంత్రణ సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియా భాగంలో పూర్తయితే 131072 యాంటెన్నాలు ఉంటాయి. 2025 మార్చిలో అందులో 1024 మాత్రమే కలిపి తొలి చిత్రం తీశారు. 25 చదరపు డిగ్రీల ఆకాశంలో సుమారు 85 గెలాక్సీలు కనబడ్డాయి. అవన్నీ పాత జాబితాలలో ఉన్నవే. యంత్రం పూర్తయ్యాక అదే తావులో 6 లక్షలకు పైగా కనబడతాయని అంచనా.